బెంగళూరులో పూనకం

కిందటేడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గరికి గజపతినగరం నుంచి వెళ్లాను. ఉన్న రెండు రోజుల్లో ఊరంతా చూసేయాలని నా ఆశ. మొదటిరోజే లాల్‌బాగ్, ప్యాలెస్, పూల మార్కెట్ తిరిగేసరికి నా కాళ్లు వాచిపోయాయి. సాయంత్రం అమ్మాయి తనకిష్టమైన హెవీ మెటల్ బ్యాండ్ చూడ్డానికి ఓ మైదానానికి తీసుకెళ్లింది. అంత గిటార్ల హోరులోనూ గడ్డిలో కూర్చున్న నాకు కునుకు పట్టేసింది.

కళ్లు తెరిచేసరికి అమ్మాయి జుట్టు విరబోసుకుని, నడుం వంచి, తల గిరగిరా తిప్పేస్తోంది. మా ఊరి జాతరలో డప్పులకి ఆడవాళ్లకి పూనకం వచ్చేది అచ్చం అలాగే. వాళ్ల నెత్తిన పసుపునీళ్లు పోసి శాంతింపజేయడం నాకు అలవాటు. పసుపు లేదు కాబట్టి సీసాలో మంచినీళ్లే దాని నెత్తిన గుమ్మరించి, గట్టిగా పట్టుకుని అడిగాను.

“ఏటి కావాలి తల్లీ, సెప్పు.”

అది ఆగింది. చుట్టూ పాటకి దానిలాగే తలలు తిప్పుతున్న నల్లచొక్కాల వాళ్లంతా ఆగి నన్నే చూస్తున్నారు. గడ్డం పెంచిన ఒకాయన తనకీ పొయ్యమని తల వంచాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

అమ్మాయి మాత్రం నవ్వలేదు. తడిజుట్టుతో నా భుజం మీద వాలిపోయింది.

“రేపు ఎక్కడికీ ఎల్లొద్దమ్మా. నేను సరిగ్గా తొంగుని నెలైపోనాది” అంది.

ఏటా పూనకం వచ్చిన ప్రతి మనిషినీ అడిగే ఆ మాట, నా కూతుర్ని అడగడం అదే మొదటిసారి. మర్నాడు మధ్యాహ్నం దాకా ఇద్దరం పడుకున్నాం. అమ్మవారు నోరు తెరిచి అడిగాక ఇవ్వకుండా ఉంటామా?