కాక బండిలో ముందు సీటు

మొన్న సాయంత్రం చిన్నమ్మ మా వాకిట్లోకి వచ్చి, కంట తడి లేకుండా, "మీ కాక పోయిండు బిడ్డా" అంది. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చిన మనిషి మళ్లీ లేవలేదట. లోపల మంచం మీదున్న మా బాపు విన్నాడు, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తెల్లవారితే ఆయనకు డయాలసిస్. ఇక పోనంటాడేమోనని నాకు అప్పుడే భయం పట్టుకుంది.

కాకా చిన్నమ్మా మాకు రక్తసంబంధం కాదు, ఎదురింటి ఆలుమగలు. ఏటూరునాగారం రోడ్డు మీద తిరిగేవాళ్లు ఆయన పాత తెల్ల వ్యాన్‌ను చూసే ఉంటారు. చుట్టుపక్కల ఊళ్లలోని మాజీ సైనికులను ఎక్కించుకుని వరంగల్ దవాఖానలకు తీసుకెళ్లేవాడు. పనయ్యేదాకా అక్కడే కూర్చుని, మళ్లీ ఎవరి గుమ్మం ముందు వాళ్లను దింపేవాడు. తను మాత్రం ఫౌజులో పనిచేయలేదు. వయసులో ఉన్నప్పుడు భర్తీకి వెళితే ఎత్తు చాలలేదని పంపించేశారట. "ఫౌజు నన్ను తీస్కోలే. గందుకే నేనే ఫౌజును నా బండిల ఎక్కించుకున్న" అని పకపకా నవ్వేవాడు.

బండి తీసేముందు స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి కళ్లు మూసుకునేవాడు. "ఎక్కించుకున్నోళ్లందర్ని ఇంటికాడ దింపనియ్యి ప్రభువా." అంతే ప్రార్థన. వెనక సీట్లోంచి, ఆ బండిలోనే దవాఖానకు వచ్చే రిటైర్డ్ సుబేదార్ సాబు, "ఇగ కండ్లు తెరిచి తోలవయ్యా" అని కసిరేవాడు. ఆయనకు అందరిమీదా కసరడం అలవాటు.

బాపు సైన్యంలో లారీ డ్రైవర్. మంచుకొండల మీద బండి నడిపిన మనిషి. కిడ్నీలు పాడయ్యాక కూడా ఒకరి సాయం తీసుకోవడమంటే ఆయనకు తల తీసేసినట్టుండేది. నన్ను వెంట రానివ్వకుండా బస్సులో ఒంటరిగా పోయి వచ్చేవాడు. ఒకరోజు బస్టాండులో కళ్లు తిరిగి పడ్డాడు. ఎవరో ముఖాన నీళ్లు చల్లి లేపారు. ఆ సిగ్గుతో ఇక డయాలసిస్‌కే పోనని మొండికేశాడు. "నన్నెవ్వలు మొయ్యొద్దు" అన్నాడు. మానేస్తే మనిషి దక్కడని డాక్టర్ ముఖం మీదే చెప్పాడు. నేను బతిమాలాను, తిట్టాను, అన్నం మానేశాను. ఊహూ, కదిలితేనా!

అప్పుడొచ్చాడు కాక. దవాఖాన ఊసే ఎత్తలేదు. "అన్నా, జర ఫికరైతాంది. పొద్దుగాల మంచుల తొవ్వ కనబడ్తలేదు. నువ్వు పక్కన కూసోని చెప్పుకుంట రారాదు. కొండల మీద లారీ తోలినోనివి" అన్నాడు. బాపు ఆయన కళ్లవైపు ఓసారి చూశాడు. తర్వాత లేచి చొక్కా తొడుక్కున్నాడు. చలికాలం పోయి ఎండలు మండిపోతున్నా మా కాకకు ఆ మంచు మాత్రం విడవలేదు! కొన్నాళ్లకు బాపు నాతో మెల్లగా అన్నాడు: "వాని కండ్లకేం రోగం లేదు బిడ్డా, నాకెర్కనే. గంత ఇజ్జత్‌తోని అడిగినోన్ని ఎట్ల కాదంట?"

దాంతో ఇంకో పేచీ వచ్చింది. ఈ మాజీ సైనికులు పెన్షన్ తీసుకుంటున్నా ర్యాంకు మరవరు. ముందు సీటు పెద్ద ర్యాంకుకే దక్కాలి. "నేను సుబేదార్ను, డ్రైవరేమో ముందు కూసోవట్టె!" అని సుబేదార్ సాబు గొంతు లేపాడు. కాక తొణకలేదు. "నా బండిల కాయిదా వేరే సాబ్. పోయేటప్పుడు తొవ్వ చెప్పెటోడు ముందట, వచ్చేటప్పుడు నొప్పున్నోడు ముందట" అన్నాడు. వచ్చేటప్పుడు బాపు డయాలసిస్ నీరసంతో తల వేలాడేసుకుని వచ్చాడు. సుబేదార్ సాబే ముందు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆ తర్వాత ఆ సీటు సంగతి ఎవరూ ఎత్తలేదు.

నిన్న తెల్లవారింది. నేను భయపడ్డట్టే అయింది. "తమ్మున్ని మట్టిల పెట్టేరోజు నేను సూదులు పొడిపించుకుంట పండాల్నా? పోను" అన్నాడు బాపు. ఎవరో చెప్పినట్టున్నారు, చిన్నమ్మ శవం దగ్గర నుంచి లేచి వచ్చింది. "పోయి రా బావా. నువ్వు వచ్చేదాక మీ తమ్మున్ని తీస్కపోనియ్య" అంది. ఆ మాటకు ఎదురు చెప్పే ధైర్యం బాపుకు లేదు. ఆటోలో నేనే తీసుకెళ్లాను.

మేం తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. శవపెట్టె ఇంకా ప్రార్థనా మందిరం ముందరే ఉంది. జనం అరుగుల మీద కూర్చుని ఉన్నారు. పాస్టరయ్య ఆలస్యమవుతోందని రెండుసార్లు అన్నా చిన్నమ్మ కదలనివ్వలేదట. బాపు ఆటో దిగాకే పెట్టెను లేపారు. నాకు అప్పుడు దుఃఖం ఆగలేదు, నడిరోడ్డు మీద ఏడ్చేశాను.

సమాధుల తోటలో అందరికంటే చివర బాపు వంగాడు. సూదులు గుచ్చిన చేతికి ఇంకా కట్టు ఉంది. రెండో చేత్తో మట్టి తీసి వేసి, చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"మల్ల పోయేరోజుకు పెద్ద ఆటో మాట్లాడు బిడ్డా. తొవ్వల సుబేదార్ సాబును గూడ ఎక్కించుకోవాలె, ఆయ్న ఒక్కడు బస్సుల పోలేడు."

అలా అంటూనే మట్టి చేతిని నా భుజం మీద వేసి, తన బరువంతా ఆనించాడు.