ఒకే ఆబోతు

మా మామయ్యకు భీమునిపట్నం దగ్గరి ఊళ్ళో ఐదు జెర్సీ ఆవులుండేవి. మామయ్య అంటే మా అమ్మకు తమ్ముడు, నా భార్యకు తండ్రి. కోపమొస్తే నన్ను 'ఒరే' అనేవాడు, పని పడితే 'అల్లుడుగారూ' అనేవాడు.

మాకు పిల్లలు లేరు. నా భార్య మూడుసార్లు నెల తప్పింది, మూడుసార్లూ మూడో నెల దాటలేదు. కూర్మన్నపాలెంలో మా ఇంటికి ఎవరొచ్చినా మా అమ్మ, "దీని కడుపులో ఏదీ నిలవదు," అని చెప్పేది. సొంత మేనకోడలే కదా, అనొచ్చనుకునేది. నేను విననట్టు ఊరుకునేవాణ్ణి.

ఆ ఏడు మామయ్య దగ్గర ఒక ఎర్ర పెయ్య చూడి కట్టలేదు. ఎదకొచ్చినప్పుడల్లా ఆబోతు వీర్యం సూది వేయించాడు. నాలుగుసార్లు. ప్రతిసారీ కట్టినట్టే ఉండి, నెలన్నరకో రెండు నెలలకో మళ్ళీ ఎదకొచ్చేది. మేం వెళ్ళిన ఆదివారం మామయ్య విసిగిపోయి తేల్చేశాడు.

"ఇది గొడ్డుది. దీన్నెట్టుకుని ఏటి సేత్తాను? సంతకి తోలీడమే."

ఆ సంత నుంచి గొడ్డుపశువు ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు. నా భార్య చేతిలోని గడ్డి అక్కడే పడేసింది. "ఒక్కపాలి డాక్టరుకి సూపించు నాన్నా. అంతవరకు దాన్ని గొడ్డు అనకు," అంది. ఆమె తండ్రికి ఎదురు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. మామయ్య గొణుక్కుంటూనే పశువుల డాక్టరుకి ఫోన్ చేశాడు.

మర్నాడు నేను సెలవు పెట్టి ఉండిపోయాను. పశువుల డాక్టరమ్మ వచ్చి, పెయ్యను లోపలా బయటా చూసి, ఏ జబ్బూ లేదంది. ఏ ఆబోతు సూది వేయించారని అడిగింది. ఇక చూడాలి మామయ్య హుషారు! సూది వేశాక మిగిలే సన్నటి ప్లాస్టిక్ గొట్టాల మీద ఆబోతు నంబరు అచ్చేసి ఉంటుంది. ఆయన వాటిని పారేయకుండా పాక చూరులో గుచ్చి దాచేవాడు. గుప్పెడు పీకి ఆమె చేతిలో పెట్టాడు.

"సూడమ్మా, అన్నీ ఒకటే నంబరు. దాని పెయ్యలు బిందెడేసి పాలిత్తన్నాయని ఊరంతా సెప్పుకుంతన్నారు. ఇది పుట్టింది కూడా దానికే. ఇంకో నంబరు ముట్టుకుంటే ఒట్టు!"

ఆమె గొట్టాలన్నీ తిప్పి చూసింది. "అంటే తండ్రితోనే కట్టించారండి," అంది.

మామయ్య చెవులు ఎర్రబడ్డాయి. "పశువులకి అదేటమ్మా! మనుసులమే మేనరికాలు సేసుకుంతన్నాం. ఇదిగో, ఈళ్ళు లేరా?" అని మా ఇద్దరినీ చూపించాడు.

ఆమె మా వైపు చూడలేదు. "ప్రతి పశువులోనూ పైకి కనబడని లోపాలు కొన్ని ఉంటాయండి. ఒక వైపు నుంచే వస్తే ఏమీ కాదు. అదే లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తే పిండం కొన్నాళ్ళు పెరిగి పోవచ్చు. నిలిచినా దూడ బలహీనంగా పుట్టొచ్చు. ఇక్కడ అదే జరిగిందని ఖాయంగా చెప్పలేను. పెయ్యలో మాత్రం నాకు తప్పేమీ కనబడలేదు. ఈసారి ఆబోతును మార్చి చూడండి."

నేను స్టీల్ ప్లాంటు ల్యాబులో పనిచేస్తాను. కడ్డీ విరిగితే కడ్డీని తిట్టం. అది ఏ విడత పోసిన ఉక్కులోది, అందులో ఏం కలిసిందని చూస్తాం. రోజూ చేసే పనే. ఇంట్లో ఒక్కరోజూ చేయలేదు. మా సంగతీ పెయ్య సంగతీ ఒకటేనని ఏ డాక్టరూ అనలేదు, నేనూ అనను. కానీ ఏ డాక్టరునీ అడగనైనా అడగలేదు.

వేరే ఆబోతు సూది వేయించారు. మూడు నెలలకు మామయ్య ఫోన్ చేశాడు, చూడి నిలిచిందని. అప్పుడు మేం అన్నాలు తింటున్నాం. మా అమ్మ సంబరపడిపోయింది.

"అయ్యో, నోరు నేని జీవం! ఉత్తినే దాన్ని గొడ్డన్నాడు తమ్ముడు."

నా భార్య వడ్డిస్తున్న గరిటె కింద పెట్టి నా వైపు తిరిగింది. "బావా, డాక్టరమ్మ సెప్పిందంతా అత్తకి సెప్పు."

"ఇప్పుడెందుకులే," అన్నాను.

ఆమె మా అమ్మ ఎదురుగా కూర్చుని అంతా తనే చెప్పింది, గొంతు పెంచకుండా. చివర ఇలా అంది:

"పెయ్యికి ఆ ఆబోతుని ఏరింది మా నాన్న. నన్ను ఈ ఇంటికి ఏరుకున్నది నువ్వు కదత్తా. మరి నన్నెందుకన్నావు?"

మా అమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నా భార్య జవాబు కోసం చూస్తున్నది మాత్రం ఆవిడ వైపు కాదు, నా వైపు.