అమ్మ ముందు పట్టిన దుప్పటి

మా మావయ్య ఎండలో కూడా ఫ్లాష్ వేసి ఫోటోలు తీస్తున్నాడన్న కబురు మొదట మా ఇంటికి మోసుకొచ్చింది మా మేనత్త. ఆ రోజుల్లో, అంటే డెబ్భైల్లో, కంకిపాడు పక్కన మా పల్లెలో ఫోటో అంటే పెళ్ళికి తీయించుకునేదే. ఊరికే కూర్చున్న మనిషికి ఫోటో ఎందుకని అందరి ఉద్దేశం. మావయ్య అమ్మకు తమ్ముడు; బెజవాడ వన్ టౌన్‌లో ఒక స్టూడియోలో పనిచేసేవాడు. "పట్టపగలు దీపం వెలిగించి తీస్తాడంట వదినా మీ తమ్ముడు. బస్తీవోళ్ళకి దేవుడిచ్చిన ఎండ చాలదు గావాల," అంది అత్త. నాన్న నవ్వలేదు. సోమవారం అమ్మను ఆపరేషనుకు తీసుకువెళ్ళాలి. ఇంట్లో ఆమె ఫోటో, పెళ్ళినాటిది కూడా, ఒక్కటీ లేదు. ఆ మాట నాన్న పైకి అనలేదు గాని, మావయ్యకు కబురంపాడు.

శనివారం మిట్టమధ్యాహ్నం మావయ్య బస్సు దిగాడు. రోహిణి కార్తె ఎండ. ఇల్లు చీకటి కనుక అమ్మను వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. "ఎండ నడినెత్తిన ఉంటే కళ్ళు నీడలో పడిపోతాయమ్మాయ్. ఫ్లాష్ కొడితే ఆ నీడ పోద్ది," అని నాకు చెప్పాడు. (నాకప్పుడు పదహారేళ్ళు. బడి మొహం చూడనిదాన్ని. అమ్మ బైబిలు ముందు పెట్టుకుని నేర్పిన అక్షరాలే నా చదువు. అయినా ఆ క్షణం నుంచి నేనూ సగం ఫోటోగ్రాఫర్‌ననే అనుకున్నాను.) రీలులో మూడు ఫోటోలే మిగిలాయి, ఫ్లాష్ బల్బులు రెండే ఉన్నాయి. ఒక్కో బల్బు ఒక్కసారి వెలిగి మాడిపోతుంది.

"మెరుపులాగా మెరుస్తది, భయపడమాక అక్కా," అన్నాడు మావయ్య. అక్కడే చిక్కొచ్చింది. మెరుపు అంటే చాలు, అమ్మ కొంగు తలమీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని "స్తోత్రం ప్రభువా" అనేది. ఒకటి, రెండు అని లెక్కపెట్టేసరికి అమ్మ ప్రార్థనలో ఉంది. బల్బు మాడిపోయింది. "దేవుడు కాదక్కా, నేను," అన్నాడు మావయ్య. "ఎవరైతే ఏంరా, మెరిసింది గదా," అంది అమ్మ. రెండోసారి లెక్కపెట్టకుండా తీద్దామనుకున్నాడు. కెమెరా ఎత్తగానే అమ్మ మళ్ళీ కళ్ళు మూసుకుంది. రెండో బల్బూ మాడిపోయింది. "మా వదిన మెరుపుని కూడా ఊరికే పోనివ్వదు," అంది అత్త.

ఇక ఎండే దిక్కు. మావయ్య దండెం మీది తెల్లదుప్పటి తెచ్చి నా చేతికిచ్చాడు. "అమ్మకి ఎదురుగా, కొంచెం పక్కకి నిలబడి ఎత్తి పట్టుకో. ఎండ దీని మీద పడి మొహం మీదికి కొడతది. నేను చెప్పిందాకా దించమాక." పట్టుకున్నాను. అమ్మ మొహం మీదికి వెన్నెల ఒంపినట్టయింది, ఆ కళ్ళు తేటపడ్డాయి. అంతలో గాలి లేచి దుప్పటి నన్ను నిలువునా చుట్టేసింది. నేను వదల్లేదు, అంచు పళ్ళతో కరిచిపట్టి, లోపల గింజుకుంటూ, మళ్ళీ నా తల దాటేలా ఎత్తి నిలబెట్టాను. అవతల అమ్మ నవ్వడం వినపడింది. ఎన్నో నెలలుగా వినని నవ్వు. చూడాలనిపించింది. దుప్పటి దించేశాను. అప్పుడే కెమెరా టిక్కుమంది.

అమ్మ ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు.

నెల తరువాత మావయ్య ఫోటో తెచ్చాడు. నవ్వు ఉంది. కళ్ళు ఉండాల్సిన చోట రెండు నల్లటి నీడలున్నాయి. నాన్న చాలాసేపు చూసి, "కళ్ళు కనపడవేమయ్యా," అన్నాడు. "మబ్బు అడ్డొచ్చింది బావా," అన్నాడు మావయ్య, నా వంక చూడకుండానే. "కాసేపు ఆగాల్సింది. నాదే తప్పు."

ఆ రోజు ఆకాశంలో అరచేయంత మేఘం కూడా లేదు. మబ్బు పడితే మొహం మీద అంత నీడ ఉండదని సగం ఫోటోగ్రాఫర్‌నైన నాకే తెలుసు. తన పనిమీద తానే మచ్చ వేసుకుని, చచ్చేదాకా ఆ మాట మార్చలేదాయన. ఫోటోకు దొరకని ఆ కళ్ళను నేను కళ్ళారా చూశాను, దేవునికి స్తోత్రం. దుప్పటిలో గింజుకున్న ఆ పిల్లను తలచుకుంటే ఈ వయసులో నాకే నవ్వొస్తుంది. అమ్మను తలచుకోవడానికి మేమున్నాం. మావయ్యకు పిల్లలు లేరు. ఇది చదివిన మీరు ఆయన్ను ఒక్కసారి తలచుకోండి.