పున్నమికి ఇవ్వని గుడారం

"పున్నమికి ఒడ్డున గుడారాలు ఇవ్వం సార్" అన్నాడు ఫోన్లో క్యాంపు చూసుకునే ఆయన. సముద్రం పక్కనున్న ఆ జాతీయ పార్కుకు పోవాలని నేనూ మా అక్కా వేసుకున్న ఏర్పాటంతా ఆ మాటతో ఆగింది. "ఆ రోజుల్లో పోటు ఎక్కువ. నీళ్లు గుడారాల దాకా వస్తాయి. వెనక సరుగుడు తోపులో ఇస్తాం గానీ, చీకటిపడితే అక్కడ్నుంచి ఒడ్డుకు పంపించం."

ఈ సంగతి కోస్తాలో పిల్లలకు కూడా తెలుసు. బనగానపల్లె దగ్గర పెరిగిన మాకు తట్టలేదు. పత్రికలో తుఫాను వార్తలు దిద్దుతూ బతికిన నాకూ తట్టలేదు. మాకు పున్నమి అంటే దారి కనబడే రోజు. అహోబిలం పోవాలన్నా, చెనిక్కాయల కుప్పకు కావలి పడుకోవాలన్నా నాయన ముందు పున్నమి ఎప్పుడో చూసేవాడు.

మా చిన్నతనంలో ఇంట్లో సముద్రం చూసినవాడు ఆయనొక్కడే. మామిడికాయల లారీ వెంట నెల్లూరు వైపు పోయి, పున్నమినాడు ఒడ్డున పడుకున్నాడట.

"ఎట్లుంటాది నాయనా?" అని అక్క మళ్లీ మళ్లీ అడిగేది.

"కొర్రచేను గాలికి ఊగినట్లుంటాదిమ్మా. ఆ చేనికి గట్టుండదు, అంతే."

మా మామిడితోట బాగా కాస్తే సముద్రానికి తీసుకుపోతాననేవాడు. కాసిన ఏడు ఇంకో పని వచ్చేది. అక్క బద్వేలుకు కోడలుగా పోయింది. ఆ వెన్నెల సముద్రం చూడాలన్న కోరిక మాత్రం ఆమెతోనే ఉంది. "మోకాళ్లు మాట వింటాండంగానే పోదాంరా" అని మొన్న తనే అడిగింది. అప్పట్నుంచీ రోజూ ఫోన్లే.

"గుడారంలో మంచాలు కూడా ఉంటాయంటక్కా."

"ఇసక పెట్టుకోని మంచమెందుకప్పా? నువ్వు నీళ్ల క్యాన్లు మర్చిపోవాకు."

"సముద్రానికి నీళ్లు మోసకపోదామా?"

"ఆ నీళ్లు నువ్వు తాగుతావేమో, పేపరోనివి. నాకొద్దు."

క్యాంపు ఆయన చెప్పింది చెప్పి, పోనీ అష్టమికి పోదామన్నాను.

"అష్టమికి పోయి ఏం జూసేది? సగం సముద్రమా?"

తోపులోంచి అలల చప్పుడన్నా వినబడుతుందన్నాను.

"వినేదానికైతే నువ్వు పోయి ఫోన్లో వినిపీ."

అంతలోనే అక్క మెల్లగా అడిగింది: "మరి ఆ పొద్దు నాయన పడుకున్న కాడికి నీళ్లు రాలేదాప్పా?"

నాయన ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు. వచ్చే నెల పున్నమికి ఇస్తారేమోనని క్యాంపుకు మళ్లీ ఫోన్ చేస్తే, ఏ పున్నమికైనా అదే మాట అన్నారు. అక్క తిథి మార్చనంటోంది, ప్రయాణమూ మాననంటోంది. గుడారం ఇంకా తీసుకోలేదు.