ముందు బండి మర్యాద

తెనాలి, బాపట్ల, రేపల్లె బుల్లికార్ల సంఘంలో సభ్యులు మొత్తం ముగ్గురు. ఒకరు అధ్యక్షుడు, ఒకరు కార్యదర్శి, ఒకరు కోశాధికారి. మామూలు సభ్యుడిగా ఉండటానికి ఎవరూ మిగల్లేదు కాబట్టి సంఘంలో అసమ్మతి అనేది ఏనాడూ తలెత్తలేదు. ఇంతకంటే సక్రమమైన సంస్థ ఈ డెల్టాలో ఇంకోటుంటే చూపించమని కార్యదర్శి ఇస్మాయిల్ సవాలు చేసేవాడు. ఎవరూ చూపించలేదు. వెతికినవాళ్లు కూడా లేరు.

ఇస్మాయిల్‌కి తెనాలిలో కుషన్ షాపు. తండ్రి జట్కాబళ్లకి మెత్తలు కుట్టేవాడు. కొడుకు రిక్షాలతో మొదలుపెట్టి, సినిమాహాలు కుర్చీల మీదుగా ఆటోల దాకా వచ్చాడు. ఊళ్లో సగం జనం ఏదో ఒక పూట తన కుట్టు మీద కూర్చున్నవాళ్లేనని లోలోపల గర్వం. ఎవరు ఎదురుపడ్డా ముందు నడుము దగ్గర కొలిచి, తర్వాత మొహం చూసేవాడు.

కారు అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. పళ్ల డాక్టరొకాయన సీటు కుట్టమని తెచ్చి షాపు ముందు వదిలి, తిరిగి తీసుకెళ్లడం మర్చిపోయాడు. కొన్నేళ్లకి గుర్తొచ్చి, "ఇంకా ఉందా అది? నువ్వే ఉంచేసుకో" అన్నాడు. మూడు చక్రాలు, ఇద్దరికి చోటు, స్కూటరు ఇంజను, ఫైబరు ఒళ్లు. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. పోయినవాళ్ల గురించి చెడ్డగా మాట్లాడకూడదు కనుక దాని పేరు ఇక్కడ అనవసరం.

"ఏంటండీ ఇది, కోడిగుడ్డుకి చక్రాలు తగిలించినట్టు!" అంది ఇస్మాయిల్ భార్య ఇమాం బీ.

"ఎక్కి చూడు."

"ఎక్కాక పొదగమంటారేమో!"

అలాంటి గుడ్డు లోకంలో ఇంకోటుందని అతనికి నిడుబ్రోలు రైలు గేటు దగ్గర తెలిసింది. గేటు వేసి ఉంది. పక్కన అచ్చం అలాంటి కారే, పసుపు రంగుది, వచ్చి ఆగింది. లోపల ఒక భారీ మనిషి, కారుని తొడుక్కున్నట్టు కూర్చున్నాడు. గేటు తెరిచాక ఇద్దరూ కదల్లేదు. ఒకరి కారు కిందికి ఒకరు దూరి చూస్తున్నారు. వెనక లారీలవాళ్లు హారన్లతో పాటు ఇతర మాటలు కూడా వినిపించారు.

ఆ భారీ మనిషి భావనారాయణ. బాపట్లలో చీరాల నేత చీరెల కొట్టు. ఆ రోజే ఇస్మాయిల్‌ని ఇంటికి లాక్కెళ్లాడు. భావనారాయణ భార్య కనకరత్నం మజ్జిగ తెచ్చిచ్చి, "తీసుకో అన్నయ్యా. ఇలాంటి కారున్న పిచ్చోడు మా ఆయనొక్కడే అనుకున్నా" అంది. ఆవిడ అన్నయ్యా అనేసింది గనక భావనారాయణ బావగారయ్యాడు. ఇమాం బీ వదినయింది. రెండు మతాల పెద్దల్ని సంప్రదించకుండానే చుట్టరికం ఖాయమైపోయింది.

మూడో కారు రేపల్లెలో దొరికింది. దాని యజమాని ప్రభుదాస్ రిటైరైన రైల్వే గార్డు. జీవితమంతా రైలు చివరి పెట్టెలో ప్రయాణం చేసినవాడు కావడంతో నియమాలు రాసే పని ఆయనకే పడింది. నెలకోసారి ఆదివారం ముగ్గురూ చెరుకుపల్లిలో కలవాలి. టీ తాగి, వంతు ప్రకారం ఎవరో ఒకరి ఊరికి వరసగా వెళ్లాలి. అందరికంటే నెమ్మదైన బండి ముందు నడవాలి. దాన్ని ఎవరూ దాటకూడదు. ముందు బండి భావనారాయణది, మధ్యలో ఇస్మాయిల్‌ది, చివర ఎర్రజెండాతో సహా ప్రభుదాస్‌ది.

ఒక నిబంధన మాత్రం ఇస్మాయిల్ ప్రతిపాదించింది. ఒకసారి భట్టిప్రోలు సెంటర్లో భావనారాయణ కారు ఆగిపోయింది. ఇస్మాయిల్ కంగారుగా హారన్ కొట్టాడు. జనం పోగయ్యారు. "లోపలున్నాయన దిగితే అదే కదుల్తుందిలే!" అన్నాడెవడో. తోశారు, నవ్వారు. ఇల్లు చేరేదాకా భావనారాయణ మాట్లాడలేదు. మరుసటి సమావేశంలో ఇస్మాయిల్ లేచి నిలబడి తీర్మానం పెట్టాడు: ముందు బండి ఆగితే వెనకవాళ్లు హారన్ కొట్టరాదు, దిగి పరిగెత్తరాదు. యజమాని తనంతట తాను దిగి చెయ్యి ఊపేదాకా కూర్చుని ఉండాలి. దానికి ముందు బండి మర్యాద అని పేరు పెట్టారు. భావనారాయణ ఇస్మాయిల్ భుజం మీద చెయ్యి వేసి, టీ అయ్యేదాకా తియ్యలేదు.

ఈ మర్యాద నచ్చనిది కనకరత్నం ఒక్కదానికే. "హారన్ కొట్టకుండా దొంగల్లా రావడమేంటి అన్నయ్యా? గుమ్మంలోకొచ్చాక కూడా కొట్టరు. మీరెప్పుడొచ్చారో తెలిసేసరికి అన్నం చల్లారిపోతోంది."

"రూలమ్మా."

"మీ రూలు కూరలో వేసుకు తినండి."

పోయిన కార్తీకంలో వంతు బాపట్లది. చెరుకుపల్లిలో టీ తాగేటప్పుడు భావనారాయణ గ్లాసు సగంలో వదిలేశాడు. "పొద్దున గారెలు తిన్నా, గుండెల్లో మంటగా ఉంది బావమరిదీ" అన్నాడు. ఎన్ని తిన్నారని ఇస్మాయిల్ అడిగితే, లెక్కపెట్టి తింటే అవి గారెలెలా అవుతాయన్నాడు. బయల్దేరారు.

కర్లపాలెం ఇంకా రాకముందే ముందు బండి నెమ్మదించింది. ఆ బండి నెమ్మదించడం వార్త కాదు. రోడ్డుకి రెండు పక్కలా చేలు కోతకొచ్చి ఉన్నాయి. గడ్డి ట్రాక్టరొకటి దాటిపోయింది. తర్వాత ఒక సైకిలు కూడా దాటింది. ఇస్మాయిల్ ఎప్పట్లాగే ముందు బండి వెనక అద్దంలోంచి బావగారి తల చూస్తూ నడుపుతున్నాడు. బండి ఎడమ సిగ్నల్ వేసుకుని, పద్ధతిగా మార్జిన్లోకి దిగి ఆగింది. తల ఎడమ పక్కకి వంగింది.

ఆ కార్లలో పెట్రోలు అయిపోతే రిజర్వు తిప్పే మర డ్రైవరు ఎడమ కాలి దగ్గర, కింద ఎక్కడో ఉంటుంది. దాని కోసం వంగాలి. భావనారాయణ శరీరానికి అదొక పెద్ద కార్యక్రమం. ఇస్మాయిల్ తన ఇంజను ఆపకుండా కూర్చున్నాడు. వెనకనుంచి ప్రభుదాస్ గొంతు వినిపించింది.

"ఏంటి సెక్రటరీ గారూ, రిజర్వా?"

"రిజర్వే అయ్యుంటుందండి."

"ఫోన్ చేద్దామా?"

"వంగిన మనిషి ఫోనెలా ఎత్తుతాడండి? ఆయన వంగడం ఒక పూట, లేవడం ఒక పూట."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఇస్మాయిల్ ఫ్లాస్కులోంచి టీ వంపుకున్నాడు. కాలవలో కొంగలు దిగాయి. టీ తాగేశాడు. కప్పు తుడిచి మూత బిగించాడు. అప్పటికీ ముందు బండి సిగ్నల్ దీపం వెలుగుతూ ఆరుతూనే ఉంది. కోతలవాళ్లొచ్చి చూస్తే బావగారికి చిన్నతనమవుతుందని, చేల వైపు ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. ఎవరూ లేరు. ఆ దీపం అంతసేపు ఎందుకు వెలుగుతోందన్న ఆలోచన అప్పుడొచ్చింది. తన ఇంజను కట్టేశాడు.

కట్టేశాక వినిపించింది. ముందు బండి ఇంజను ఆగలేదు. ఎన్ని ఊళ్లలో, ఎన్ని సెంటర్లలో మొరాయించిన ఇంజను ఆ పూట చక్కగా కొట్టుకుంటోంది.

మూడు కార్లున్నాయి. మనిషిని పడుకోబెట్టడానికి ఒక్కటీ పనికిరాలేదు. దారిన పోతున్న ట్రక్కు ఆటోని ఆపి, అందులోకి ఎక్కించి, తల ఒళ్లో పెట్టుకుని ఇస్మాయిల్ బాపట్ల ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు చూసి తల అడ్డంగా ఊపాడు. ఇంకాస్త ముందొస్తే బతికేవారా అని ఇస్మాయిల్ అడిగాడు. "చెప్పలేమండి" అన్నాడు డాక్టరు. లేదు అని ఉంటే ఇస్మాయిల్ ఏదో విధంగా నిద్రపోయేవాడు. అవును అన్నా ఒక దారి దొరికేది.

కనకరత్నానికి ఇద్దరూ ఒకే మాట చెప్పారు. దారిలో నొప్పొచ్చింది, వెంటనే తెచ్చాం. ఆ రెండో ముక్కలో 'వెంటనే' అన్న మాట ఇస్మాయిల్‌ని వదల్లేదు. షాపులో సూది పట్టుకుని కూర్చుంటే కుట్టు వంకర పోతోంది.

కర్మ అయ్యాక కనకరత్నం కబురు పెట్టింది. ఆ రోజు ప్రభుదాస్ కర్లపాలెం రైసుమిల్లులో పెట్టించిన కారు ఇంటికి తెమ్మంది.

"ఈసారి చెప్పెయ్యండి" అంది ఇమాం బీ. "అన్నయ్యా అని పిలిచే మనిషి పెట్టే అన్నం. ఇది దాచుకుని తింటే దిగదు మీకు."

"చెప్తే ఇక పిలవదేమో."

ఇమాం బీ కారు తాళం తెచ్చి అతని చేతిలో పెట్టింది.

తన కారు మిల్లు దగ్గర పెట్టి ఇస్మాయిల్ పసుపు కారెక్కాడు. ఆ సీటు తను కుట్టిందే. బావగారి బరువుకి ప్రత్యేకంగా రెండు వరసల స్ప్రింగులు పెట్టి, ఇది సీటు కాదు, వంతెన అని ఎగతాళి చేశాడు. ఇప్పుడది మధ్యలో ఆయన ఒంటి అచ్చుతో పల్లంగా ఉంది. చివరికంటా వెనక్కి జరిపి ఉండటంతో కాళ్లు అందలేదు. ముందుకి జరపబుద్ధి కాలేదు. సీటు అంచున కూర్చుని బాపట్ల దాకా నడిపాడు. ప్రభుదాస్ వెనక వచ్చాడు.

కనకరత్నం వరండాలో ఉంది. కారుని చూసింది గానీ దగ్గరికి రాలేదు.

"చివర్లో ఏమన్నా అన్నారా అన్నయ్యా?"

"చెల్లెమ్మా, నేను దగ్గర లేనమ్మా. బండి ఆగగానే మేం దిగలేదు. వెనక కూర్చున్నాం. రిజర్వు తిప్పుతున్నారనుకున్నాను."

"ఎంతసేపు?"

"టీ తాగేంతసేపు."

"అంటే?"

"టీ తాగానమ్మా."

ఆవిడ కాసేపు కొంగు అంచు మడతలు పెట్టింది, విప్పింది. "హారన్ కొట్టలేదా?"

"లేదు."

"హారనంటే ఆయనకి మంట. తిట్టడానికైనా తల తిప్పేవాళ్లు. తిప్పకపోతే మీకు తెలిసేది."

ప్రభుదాస్ ఏదో చెప్పబోయాడు. తప్పంతా నియమం రాసిన తనదేనన్నట్టు చెయ్యెత్తాడు. ఆవిడ వినకుండా లోపలికి వెళ్లింది. వాళ్లు లేచి వెళ్లిపోదామా అనుకుంటుండగా ఆకులు వేసింది. పప్పు, వంకాయ కూర, పులుసు, అన్నీ తనే వడ్డించింది. దేనికీ లోటు చెయ్యలేదు. పెరుగు గిన్నె పట్టుకుని ఇస్మాయిల్ ఆకు ముందు వంగింది.

"పెరుగు వెయ్యనా ఇస్మాయిల్ గారూ?"

ప్రభుదాస్ ముద్ద మధ్యలో ఆగిపోయాడు.

"వెయ్యండి" అన్నాడు ఇస్మాయిల్.

ప్రభుదాస్ కారులో కర్లపాలెం దాకా వచ్చి, తన కారు తీసుకుని ఇస్మాయిల్ బయల్దేరాడు. సంఘంలో ఉన్న రెండు బళ్లలో ఇప్పుడు అతనిదే నెమ్మదైనది కనుక నియమం ప్రకారం ముందు నడవాలి. ఇన్నేళ్లలో మొదటిసారి అతని ముందు ఖాళీ రోడ్డు తప్ప ఏమీ లేదు. ఆ మార్జిన్ దగ్గరికొచ్చేసరికి కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీంచి లేచింది.

వెనకనుంచి హారన్ మోగింది. సన్నగా, వాడక తుప్పు పట్టిన గొంతుతో, ఆగకుండా. నియమాలు రాసిన గార్డు కొడుతున్నాడు. ఇస్మాయిల్ కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి ఊపాడు. హారన్ ఆగింది. బండి కాస్త నెమ్మదిస్తే చాలు, మళ్లీ మోగేది. చెయ్యి ఊపేవాడు. చెరుకుపల్లి దాకా ఇద్దరూ అలాగే వెళ్లారు. టీకి ఆగలేదు. ప్రభుదాస్ ఒకసారి జెండా చూపించి రేపల్లె రోడ్డులోకి తిరిగిపోయాడు.

అమృతలూరు దాటాక బండి ఎందుకో మళ్లీ నెమ్మదించింది. హారన్ రాలేదు. అయినా ఇస్మాయిల్ చెయ్యి బయటికి పెట్టి ఊపాడు. వెనక వస్తున్న బస్సు డ్రైవరు, దాటి పొమ్మంటున్నాడనుకుని దాటిపోయాడు.