పగడానికి చుట్టాలు

ఆ మ్యూజియంలో కాపలా మనుషుల్ని గదులకు వెయ్యరు, వస్తువులకు వేస్తారు. వస్తువు ఎటు పోతే కుర్చీ అటే. పగడాలయ్యకు ఉద్యోగంలో చేరిన రోజునే బండి చక్రమంత రాతి పగడం అప్పగించారు, పేరు కూడా అదే అంటగట్టారు. అదే హాల్లో ఎదుటి గోడకు జెల్లీఫిష్ జాడీలు, వాటికి కాపలా ఆయన భార్య. వయసులో ఉన్నప్పటి నుంచీ ఆవిడ మొహం చూస్తూ జీతం తీసుకున్నాడాయన. అంతకు మించిన ఉద్యోగం రాజులకు కూడా ఉండదని ఆయన నమ్మకం.

అలాంటిది, కొత్త డైరెక్టరు వచ్చీ రాగానే రాళ్ళు వీధి అవతలి భవనానికి, ప్రాణులు ఇక్కడే అని ఉత్తర్వు వేశాడు. మరి పగడం ఏమిటి? రాళ్ళ శాఖ పెద్దమనిషి వేలితో కొట్టి చూసి, "ఇది రాయి కాదు, ఎవరో కట్టుకున్న ఇల్లు. ఇళ్ళు మా శాఖలోకి రావు" అన్నాడు. మొక్కల శాఖ ఆవిడ, "లోపల నాచు ఉండేదట, నిజమే. అద్దెకున్నవాళ్ళ పేరు ఇంటికి పెడతామా?" అంది. జంతువుల శాఖ ఆయనకు అసలు భయం వేసింది. "ప్రాణి అయితే చచ్చినట్టు రుజువేది? రుజువు లేకపోతే బతికున్నట్టే. మేత ఎవరు వేస్తారు?"

రెంటికీ కాదు, మూడింటికీ చెడ్డ రేవడిలా పగడం వరండాలో పడింది. పక్కనే కుర్చీ, అందులో పగడాలయ్య. అక్కడి నుంచి భార్య మోచెయ్యి మాత్రమే కనబడేది. బెంగతో మనిషి సగమైపోయాడు.

చివరికి విచారణ పెట్టారు. ఈలోగా పుస్తకాలు తిరగేసిన జంతువుల శాఖ ఆయన దారికొచ్చాడు.

"ఇది ఒక ప్రాణి కాదండీ, వేల ప్రాణుల కాపురం. ఒక్కోటీ చిన్న సంచి. వెన్నెముక లేదు. ఉన్నది ఒకటే నోరు, లోపలికీ బయటికీ అదే దారి. నోటి చుట్టూ కుట్టే మీసాలు. కింద సున్నం గిన్నె కట్టుకుని కూర్చుంటుంది. జెల్లీఫిష్‌దీ దీనిదీ ఒకటే వంశం. అది తిరుగుబోతు, ఇది ఇంటిపట్టున ఉండేది, అంతే తేడా."

"చుట్టాలేనండీ!" పగడాలయ్య ఆనందం పట్టలేక అరిచాడు. "ఒకే హాల్లో ఉంచెయ్యండి సార్!"

డైరెక్టరు తల అడ్డంగా ఊపాడు. "చుట్టాల్ని ఒకే హాల్లో ఉంచకూడదు. కబుర్లు చెప్పుకుంటారు."

"అవి చచ్చి చాలా కాలమైందండీ."

"సరే, చచ్చినవాటికి మినహాయింపు. బతికున్నవాళ్ళకి మాత్రం లేదు. ఆ జాడీల దగ్గరావిడ నీకేమవుతుంది?"

వాళ్ళ పెళ్ళిలో భోంచేసినవాళ్ళే ఆ గదిలో నలుగురున్నారు. నలుగురూ కాగితాల్లో తలదూర్చారు. గుమ్మం దగ్గర ఆవిడా నిలబడి వింటోంది. భార్య అనే మాట అంటే ఆవిడకు ఎదురుగా కుర్చీ ఇక దక్కదు.

"ఏమీ కాదండీ. ముఖపరిచయం."

సాయంత్రం గేటు దగ్గర ఆవిడ ఖాళీ క్యారియర్ ఆయన చేతికిచ్చింది. "తీసుకోండి. ముఖపరిచయస్తులకి వండిపెట్టే అలవాటు నాకు లేదు."

"అది కాదే, నీకోసమే కదా..."

"పరాయి ఆడదాన్ని పట్టుకుని 'ఏమే, ఒసే' ఏమిటండీ?" అని బస్సెక్కేసింది.

మర్నాడు పగడం తన పాత చోటికి చేరింది. పగడాలయ్య ఉతికిన చొక్కా వేసుకుని, కుర్చీ సర్దుకుని, ఎదుటికి చూశాడు. ఆవిడ తన కుర్చీని జాడీల వైపు తిప్పుకుని కూర్చుంది. ఆ వీపును చూస్తుంటే ఆయనకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

అటుగా వచ్చిన డైరెక్టరు హాలంతా కలయజూసి మెచ్చుకున్నాడు. "చూశావా, చుట్టరికం లేకపోతే ఎంత ప్రశాంతంగా ఉందో!"

"అవునండీ" అన్నాడు పగడాలయ్య.