గ్యారంటీ పొర

ఫ్రిజ్ గ్యారంటీ అంతా తలుపు మీది పల్చటి ప్లాస్టిక్ పొరలోనే ఉంటుందని ఏడేళ్ల వయసులో నమ్మిన తెలివైనవాణ్ణి నేను. మా నల్లగండ్ల ఫ్లాట్‌కి కొత్త ఫ్రిజ్ రాగానే నాన్న చెప్పారు: "ఒరేయ్, ఆ పొర పీకావో, గ్యారంటీ పోయినట్టే!"

ఒక మధ్యాహ్నం గోటితో మూల లేపాను. గట్టిగా గుంజితే చిరుగుతోంది. వెనక్కి మడిచి మెల్లగా లాగితే చర్రుమంటూ వస్తోంది. సగం వచ్చేసరికి, గుర్రుమంటున్న ఫ్రిజ్ ఠక్కున ఆగిపోయింది. గబగబా తిరిగి అంటిస్తే అన్నీ బుడగలే.

"ఫ్రిజ్‌ని చంపేశానమ్మా!" అని ఏడ్చాను.

"కరెంటు పోయింది రా, మొద్దూ," అంది అమ్మ.

ఇన్నేళ్ల తర్వాత, నిన్న నాన్న పొర కూడా తీయని కొత్త టీవీలో వార్తలు చూస్తున్నారు. "పొర ఉండనీ రా, గ్యారంటీ..." అన్నారు. కొస లేపి ఆయన వేళ్లకే అందించాను. ఆయన భయంభయంగా సగం లాగేదాకా ఆగి, ఆయన వెనకే ఉన్న మెయిన్ స్విచ్ ఆపేశాను.